పిచ్చి కాదు, మరేటి?

మాస్టారు: ముందే చెప్తున్నానమ్మా, ఆ కార్డు మీద రోగం పేరు రాయొద్దు. జానీకి 13 ఏళ్లు నిండాయి. నాటుకుక్క అంతకాలం బతకడమే గొప్ప. అంత వయసు ప్రాణి వసారాలోకి వచ్చి, ఎందుకొచ్చానా అని నిలబడిపోతే దాన్ని ముసలితనం అంటారు. మా నాయనమ్మ చివరి రెండేళ్లూ అలాగే ఉండేది. ఆవిణ్ని ఎవరూ రోగి అనలేదు. చాదస్తం అన్నారు, అన్నం కలిపి పెట్టారు.

డాక్టరు: నిలబడిపోతే నేనూ ముసలితనమే అనుకుందును మాస్టారూ. ఎక్కడ నిలబడుతోందో చూశారా? పెరటి తలుపు తెరుచుకునే వైపు కాదు, బందులున్న వైపు. ఈ రెండేళ్లూ రోజుకి పదిసార్లు ఆ తలుపులోంచే వెళ్లింది. ఇప్పుడు ముక్కు తీసుకెళ్లి బందుల సందులో పెట్టి, అక్కడ దారి వస్తుందని కాచుకుంటోంది. ధాన్యం బస్తాల వెనక్కి దూరితే మళ్లీ బయటికి రాలేక గోడకేసి చూస్తూ ఉండిపోతోంది. ముసలి కుక్క నెమ్మదిగా నడుస్తుంది, ఎక్కువసేపు పడుకుంటుంది. వెనక్కి అడుగు వెయ్యొచ్చన్న సంగతి మరిచిపోదు.

మాస్టారు: మీ పుస్తకాల్లో దీనికో పేరుంటుంది కదా.

డాక్టరు: ఉంది. కనైన్ కాగ్నిటివ్ డిస్‌ఫంక్షన్. బీటా అమిలాయిడ్ అనే ప్రొటీను మెదడులో పేరుకుంటుంది, మెదడు కుంచించుకుపోతుంది. అల్జీమర్స్ వచ్చిన మనిషి మెదడులో పేరుకునేదీ, కుక్క మెదడులో పేరుకునేదీ ఒకే అమరిక ఉన్న ప్రొటీను. అలాగని రెండూ ఒకే జబ్బు అనలేం. మనుషుల్లో మెదడు కణాల లోపల ఇంకో ప్రొటీను చిక్కులు పడుతుంది, కుక్కల్లో అది అరుదు.

మాస్టారు: జానీ మెదడులో అది పేరుకుందని నువ్వు చూశావా?

డాక్టరు: చూడలేదు. ఖాయంగా తెలియాలంటే ప్రాణం పోయాక కోసి చూడాలి. ఎమ్మారై తీస్తే మెదడు ఎంత కుంచించుకుపోయిందో తెలుస్తుంది. దానికి మత్తు ఇవ్వాలి. ఈ వయసులో, కేవలం పేరు ఖాయం చేసుకోవడానికి మత్తు ఇమ్మని నేను చెప్పను. రక్తంలో ఏదైనా గుర్తు దొరుకుతుందా అని పరిశోధనలు జరుగుతున్నాయి. మన చేతికి అందేదేమీ ఇంకా రాలేదు.

మాస్టారు: అంటే కంటితో చూసింది లేదు, రక్తంలో తేలింది లేదు. నువ్విచ్చిన ఆ ఫారం ఒక్కటే ఆధారం. అది చదివాను. చదివి నవ్వొచ్చింది. ఊరికే అటూ ఇటూ తిరుగుతోందా అని ఒక ప్రశ్న. ఇంటి కుక్క రాత్రి నిద్రపోతే మనం తిడతాం కదమ్మా! పగలు అరుగు కింద పడుకోవడం, రాత్రంతా తిరగడం, అదే దాని ఉద్యోగం. ఇంట్లో మూత్రం పోస్తోందా అని ఇంకో ప్రశ్న. అది ఇంట్లోకి రావడం మొదలెట్టిందే ఈ రెండేళ్లుగా. అంతకు ముందు వసారా మెట్టు దాటితే మా ఆవిడ చీపురు తీసేది. ఆ ఫారం ప్రకారం మన ఊళ్లో కుర్ర కుక్కలకి కూడా మతి లేదు.

డాక్టరు: ఒప్పుకుంటున్నాను. ఆ ప్రశ్నలు సిడ్నీలో తయారుచేసినవాళ్ల కుక్కలు సోఫా పక్కన పడుకునేవి. మన వడ్డాదిలో కుక్క రాత్రి మేలుకుంటే అది రోగలక్షణం కాదు. అందుకే మిమ్మల్ని వీడియో తియ్యమన్నాను. కాపలా కుక్క మేలుకుంటే చెవులు నిక్కిస్తుంది. చప్పుడొచ్చిన వైపు తిరుగుతుంది, వాసన పడుతుంది, అరిచి, ఎవరైనా పలుకుతారేమోనని ఆగుతుంది. మీరు పంపిన వీడియోలో జానీ ఏం చేసింది? గోలెం చుట్టూ తిరిగింది. మొదట ఎడమకి, తర్వాత కుడికి. మధ్యలో దాని తిండి పళ్లెం మీదనుంచే నడిచి వెళ్లింది, మూతి దించలేదు. అరిచింది గానీ ఏ దిక్కుకీ కాదు. ఒకే గొంతు, ఒకే ఎత్తు, తోక కిందికి. తర్వాత మీరు పిలిచారు. మీ గొంతు వినపడగానే ఎటు చూసింది?

మాస్టారు: ఆకాశం వైపు.

డాక్టరు: ఆ ఫారంలో నాకు నచ్చే ముక్క ఒకటుంది. కొన్ని ప్రశ్నలు ఆరు నెలల కిందటితో పోల్చి చెప్పమంటాయి. సిడ్నీ కుక్కతో పోల్చాల్సిన పని లేదు. పక్కింటి కుక్కతో కూడా పోల్చొద్దు. దీన్ని దీంతోనే పోల్చండి. ఆరు నెలల కిందట తెలిసిన తలుపు ఇప్పుడు తెలుసా, అంతే.

మాస్టారు: ఆ ఆరు నెలల కిందటి సాక్షి ఎవరు? నేనే కదా. నాకు 74. ఫలానా రోజు జానీ పళ్లెం వెతుక్కుందా లేదా అంటే నేను ఊహించి చెప్పడమే. నీ రోగ నిర్ధారణ మొత్తం ఒక ముసలాడి జ్ఞాపకం మీద నిలబడింది. కోర్టులో నిలవదది. లెక్కల్లోనూ నిలవదు.

డాక్టరు: లెక్కల సంగతి మీరే తెచ్చారు కాబట్టి ఒకటి చెప్తాను. సిడ్నీ పరిశోధకులు 2010లో ఒక సర్వే అచ్చువేశారు. 8 ఏళ్లు దాటిన కుక్కలు దాదాపు 500. వాటిలో 14.2 శాతానికి ఈ జబ్బు ఉందని తేలింది. అంతకు ముందే ఏదో ఒక డాక్టరు గుర్తించి చెప్పినవి మాత్రం 1.9 శాతం. మిగతా వాళ్లంతా మీలాగే ముసలితనం అనుకున్నారు. కుక్కకి ఒక డాక్టరు, ఒక ఆస్పత్రి ఉండే దేశంలోనే ఆ పరిస్థితి.

మాస్టారు: ఆ 14.2 ఎవరు తేల్చారు? యజమానులు నింపిన కాగితాలే తేల్చాయి. కాగితం ఒక గీత గీసింది, గీత దాటిన వాటిని లెక్కపెట్టి, చూశారా ఎన్ని దాటాయో అన్నారు. గీత ఇంకో నాలుగు మార్కులు జరిపితే శాతం మారిపోదా? పరీక్ష పాసు మార్కులు నేను 35 ఏళ్లు చూశాను. 34 వచ్చినవాడి బుర్రకీ 35 వచ్చినవాడి బుర్రకీ తేడా ఏటో నాకు ఈరోజుకీ తెలియదు.

డాక్టరు: ఆ మాట నిజమే. 50 దాటితే జబ్బు, 40 దాటితే జాగ్రత్త అనేది మనుషులు గీసుకున్న గీత. ఇంకో బలహీనత కూడా నేనే చెప్తాను, మీరెలాగూ పట్టుకుంటారు. 2022లో అమెరికాలో 15,019 కుక్కల వివరాలు కూడగట్టారు. వయసు ఒక్కో ఏడు పెరిగేకొద్దీ ఈ జబ్బు ఉండే అవకాశం 52 శాతం చొప్పున పెరుగుతోందని చూశారు. చురుగ్గా తిరిగే వాటితో పోలిస్తే కదలకుండా ఉండే కుక్కల్లో ఆ అవకాశం ఆరు రెట్లు పైన ఉంది. పత్రికలన్నీ కుక్కని నడిపించండి, మతి నిలుస్తుంది అని రాశాయి. కానీ కదలకపోవడం వల్ల మతి పోయిందా, మతి పోవడం వల్ల కదలిక తగ్గిందా?

మాస్టారు: అదే అడగబోయాను.

డాక్టరు: ఆ పరిశోధకులే తేల్చి చెప్పలేం అన్నారు.

మాస్టారు: మరి ఇంత గాలిలో ఉన్నదాన్ని తెచ్చి నా కుక్క నెత్తిన పెడతావెందుకు? పరీక్షలన్నీ చేస్తావు. మూత్రపిండాలు బాగున్నాయి, థైరాయిడ్ బాగుంది, గోమారి జ్వరం లేదు అంటావు. అన్నీ కొట్టేశాక, ఇంకేమీ మిగల్లేదు గనక ఇదే అంటావు. దాన్ని మేం నిరూపణ అనం. తీసివేత అంటాం.

డాక్టరు: తీసివేతే. అయితే ఆ తీసివేతలో పోయేవన్నీ నయమయ్యేవో, కనీసం బాధ తగ్గేవో. నాకు కావలసింది ఆఖరున మిగిలే శేషం కాదు, ఆ మధ్యలోది. నిన్న దాని కళ్ల ముందు దూది ఉండ జారవిడిచాను. దూది చప్పుడు చెయ్యదు కాబట్టి కంటికి కనపడితేనే చూస్తుంది. చూసింది, చూపు దూది వెంట నేల దాకా వెళ్లింది. అంటే గుడ్డితనం కాదు. వెనక నుంచి తాళాల గుత్తి కదిపితే కుడి చెవి తిరిగింది, కాబట్టి పూర్తి చెవుడూ కాదు. వెనక కాళ్ల కీళ్లు పట్టుకుంటే మాత్రం మూలిగింది. అందుకని మూడు వారాలు కీళ్లనొప్పి మందు వేసి చూద్దాం అన్నాను. రాత్రి తిరుగుడు తగ్గితే అది మతి కాదు, నొప్పి. పడుకుంటే నొప్పి, అందుకే లేచి తిరుగుతోందని అర్థం. అన్నట్టు, మీ మోకాళ్ల మాత్ర దానికి వెయ్యకండి. డైక్లోఫెనాక్ కుక్క పొట్టలో పుండ్లు చేస్తుంది. జాలిపడి వేసినవాళ్లని చూశాను.

మాస్టారు: వెయ్యన్లే. అయితే ఇవన్నీ పేరు లేకుండానే చెయ్యొచ్చు కదా. దూది వేశావు, తాళాలు కదిపావు, పేరు రాయలేదు. ఏం నష్టమొచ్చింది?

డాక్టరు: నష్టం ఎలా వస్తుందో నాకు తెలుసు, ఎందుకంటే చేసింది నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలి కుక్కని తెచ్చారు. చెయ్యి వేస్తే కసురుతోంది, తిండి దగ్గరికి వెళ్లి తిరిగొచ్చేస్తోంది, రాత్రంతా మూలుగుతోంది. వయసైపోయింది, మతి తప్పుతోంది అన్నాను. బలానికి ఇంజక్షన్ చేసి పంపించాను. నెల తిరక్కుండా ఇంకో డాక్టరు దాని నోరు తెరిచి చూశారు. దవడ పన్ను వేరు దగ్గర గుడ్డు సొనంత చీము. నేను నోరు తెరవలేదు మాస్టారూ. వయసు అన్న మాట నా చేతిని ఆపేసింది. వయసు అనేది జబ్బు పేరు కాదు కాబట్టి దానికి పరీక్ష ఉండదు, వాయిదా ఉండదు, మళ్లీ రమ్మనడం ఉండదు. మీరు కార్డు మీద రాయమంటున్నది ఆ మాటే.

మాస్టారు: నీ కథలో తప్పు వయసు అన్న మాటది కాదు, నోరు తెరవకపోవడానిది. అప్పుడు వయసు బదులు ఆ పెద్ద ఇంగ్లీషు పేరు రాసి ఉంటే నోరు తెరిచేదానివా? అదీ తెరిచేదానివి కాదు. పైగా రోగం తేలిపోయిందని ఇంకా నిమ్మళంగా ఉండేదానివి.

డాక్టరు: ఆ దెబ్బ తగిలింది.

మాస్టారు: పేరు పెడితే ఏదో మారుతుందనుకుంటారు మీ చదువుకున్నవాళ్లు. మన ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022లో అనకాపల్లి జిల్లా అన్నారు. పెద్దేరు దారి మార్చుకుందా? కొండమీద వెంకన్న పక్క కొండకి మారాడా?

డాక్టరు: పెద్దేరు మారలేదు. అర్జీ పట్టుకుని ఏ కలెక్టరు దగ్గరికి వెళ్లాలో మారింది. నేను పేరు అడుగుతున్నదీ అందుకే. రేపు నాకు బదిలీ అయితే, నా కుర్చీలో కూర్చునేవారికి ఈ కార్డే కదా దిక్కు. ‘వృద్ధాప్యం’ అని ఉంటే పేజీ తిప్పేస్తారు.

మాస్టారు: సరే, అసలు సంగతికి వస్తాను. ఇంతసేపూ చుట్టూ తిరిగాను, జానీ గోలెం చుట్టూ తిరిగినట్టు. నువ్వు కార్డు మీద ఇంగ్లీషులో రాస్తావు. ఊళ్లో ఎవరో అడుగుతారు, జానీకి ఏటైంది మాస్టారూ అని. నేను తెలుగులో ఏం చెప్పాలి? మతి తప్పింది అనాలి. ఆ మాట కిళ్లీ కొట్టు దాటేసరికి పిచ్చెక్కింది అవుతుంది. బస్టాండు చేరేసరికి పిచ్చి కుక్క. మన భాషలో కుక్క పక్కన చేరే పిచ్చి ఒక్కటేనమ్మా. మనిషికైతే చాదస్తం ఉంది, మతిమరుపు ఉంది, పరధ్యానం ఉంది, బుర్ర తిరగడం ఉంది. కుక్కకి ఒక్క మాటే, దానికి ఒక్క మందే. నా చిన్నప్పుడు చూశాను. ఒక కుక్క తూలుతూ నడుస్తోంది, పిలిస్తే పలకలేదు. నోట్లో నురగ లేదు, ఎవరినీ కరవలేదు. చెరకు గడలతో మొదలెట్టారు, గునపంతో ముగించారు. దానికి ముసలితనమో, చెవుడో, నీ అమిలాయిడో, ఎవరికి తెలుసు?

డాక్టరు: ఆ కుక్కకి ఎవరైనా ముందే పేరు పెట్టి ఉంటే?

మాస్టారు: అదేటి?

డాక్టరు: ఆ రోజు దాన్ని చంపింది పేరు కాదు. ఇంకో పేరు లేకపోవడం. తూలిన కుక్క, పలకని కుక్క, గోడకేసి చూసే కుక్క, అన్నీ ఒక్క మాటలో పడ్డాయి. జానీ ఇవాళ మీ గేటు దాటి వీధిలోకి పోయి, ఎవరింటి ముందో అలా నిలబడిందనుకోండి. మీరు ఏ మాటా చెప్పకపోయినా వాళ్ల దగ్గర మాట సిద్ధంగా ఉంది. మీరు మౌనంగా ఉంటే ఆ మాటే గెలుస్తుంది. మనమే ముందు చెప్తే? ఇది రేబిస్ కాదు, ముసలి మతిమరుపు, టీకా వేసిన తేదీ ఇదిగో అంటే? మెడలో పట్టీ, పట్టీ మీద మీ ఫోను నంబరు.

మాస్టారు: రేబిస్ కాదని నువ్వు ఖాయంగా చెప్పగలవా? ఇందాక మెదడు కోస్తే తప్ప తెలియదన్నావు. అదీ అంతే కదా.

డాక్టరు: పరీక్ష చేసి చెప్పాలంటే అదీ మెదడులోనే చూడాలి, నిజమే. కానీ రేబిస్‌కి ఓపిక లేదు. లక్షణాలు బయటపడ్డ కుక్క పది రోజులకి మించి బతకదు. కరిచిన కుక్కని పది రోజులు కట్టి చూడమనేది అందుకే. దవడ జారుతుంది, గొంతు మారుతుంది, మింగలేదు, వెనక కాళ్లు పడిపోతాయి. జానీ బందుల వైపు నిలబడటం మొదలెట్టి ఎన్నాళ్లైంది?

మాస్టారు: వినాయక చవితి నుంచి.

డాక్టరు: అదిగో. కుక్కకి పిచ్చెక్కిందని ఊరనుకునే ముందు ఆ తేదీ మీ నోట రావాలి.

మాస్టారు: బాగానే చెప్పావు. ఊరు తేదీలు అడుగుతుందా, కర్ర పట్టుకుంటుందా అన్నది వేరే సంగతి. సరే, పేరు పెట్టాక ఏం చేస్తావు? మందుందా?

డాక్టరు: సెలెజిలిన్ అని ఒకటుంది. మనుషుల్లో పార్కిన్సన్స్‌కి వాడేదే. అమెరికాలో 1998లో కుక్కల మతిమరుపుకి అనుమతించారు. కొన్నిటికి తేడా కనపడుతుంది, కొన్నిటికి ఉండదు. పోయిన మతి తిరిగి రాదు, పోవడమూ ఆగదు. తిండిలో మార్పులున్నాయి. కొబ్బరి నుంచి తీసిన, మెదడు తేలిగ్గా వాడుకునే కొవ్వులు కలుపుతారు.

మాస్టారు: మా వియ్యంకుడు ఫోనులో ఎక్కడో చూసి కొబ్బరినూనె పొయ్యమన్నాడు.

డాక్టరు: గరిటెలతో పోస్తే క్లోమం వాచి అదో జబ్బు. వద్దు. అంతకంటే పనికొచ్చేవి ఇంట్లోనే ఉన్నాయి. పళ్లెం ఎప్పుడూ ఒకేచోట. బస్తాల వెనక సందు మూసెయ్యండి. రాత్రి వసారాలో సన్న దీపం. నున్నటి గచ్చు మీద గోనెపట్టా. పొద్దున ఎండలో కాసేపు తిప్పితే రాత్రికి కాస్త పడుకుంటుంది. మంచాలు, కుర్చీలు జరపకండి.

మాస్టారు: వీటిలో ఏది డాక్టరు చెప్పాలి? మా ఆవిడ అప్పుడే గోనెపట్టా వేసింది. ఎవరూ పేరు పెట్టకుండానే. నాకు భయం ఈ పేజీ కాదమ్మా, తర్వాతి పేజీ. నయం కాని జబ్బు అని రాశాక తర్వాతి పేజీలో ఏముంటుందో నాకు తెలుసు. మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోను చేసి, డాక్టరు అలా రాసిందంటే ఇంకా ఎందుకు నాన్నా దాన్ని బాధపెట్టడం అంటాడు. బాధ ఎవరిదో వాడికి తెలియదు. ముసలితనానికి సూది వెయ్యమని ఎవరూ అడగరు. రోగానికి అడుగుతారు.

డాక్టరు: ఆ సూది నా పెట్టెలో లేదని అబద్ధం చెప్పను. నేను వేశాను. మళ్లీ వెయ్యాల్సి రావచ్చు. జానీ తింటోంది, ఎండలో పడుకుంటే నిద్రపోతోంది, మీ అరచెయ్యి నాకుతోంది. ఇవాళ ఆ మాటే లేదు. కానీ ఈ మూడూ పోయిన రోజు కూడా ముసలితనమే కదా అని మీరు కూర్చుంటే? పేరు లేని దానికి చివర ఎక్కడో కూడా తెలియదు మాస్టారూ. వానలో గోడ పక్కన రెండు రోజులు అరిచి అరిచి పోయిన కుక్కల్ని చూశాను. వాటి యజమానులు కటికవాళ్లు కారు. సూది పాపం అనుకున్నారు, అంతే.

మాస్టారు: ధర్మరాజు స్వర్గం గుమ్మం దాకా వెళ్లి కూడా కుక్కని వదల్లేదు.

డాక్టరు: ఆ కుక్కకి దారి తెలుసు. దారి తెలియని కుక్కని ఏం చెయ్యాలో ఏ పర్వంలోనూ లేదు.

మాస్టారు: అన్నిటికీ జవాబుంటుంది నీ దగ్గర. ఎనిమిదో తరగతిలో కూడా అంతే. సరే, ఒక మాట మీద ఆగుదాం. నొప్పి మందు మూడు వారాలు వేస్తాను. వీడియోలు తీస్తాను. మెడకి పట్టీ కడతాను. కార్డులో ఆ గడి మాత్రం ఖాళీగా ఉంచు. సంక్రాంతి దాకా.

డాక్టరు: సంక్రాంతికి ఏముంది?

మాస్టారు: పిల్లలొస్తారు. మనవరాలికి ఆరేళ్లు. కారు దిగుతూనే జానీ మీద పడి దొర్లుతుంది, ఏటా అంతే. ఆ నాలుగు రోజులూ పిల్లకి రోగం సంగతి తెలియకుండా గడిచిపోనీ.

డాక్టరు: గడి ఖాళీగా ఉంచడానికి నేను ఒప్పుకోలేనిది ఇప్పుడే చెప్పారు. పడుకున్న కుక్క మీద ఒకరు వచ్చి పడితే, ఆ పడింది ఎవరో దానికి గుర్తు రాకపోతే, అది చేసే పని ఒక్కటే. కరుస్తుంది. జానీ మంచిదే. కానీ మొన్న మీ గొంతు విని ఆకాశం వైపు చూసింది. కరిచిన మరునాడు ఊరికి మీరు ఏ తేదీ చెప్పినా వినరు. మీ అబ్బాయి అసలే వినడు.

మాస్టారు: పిల్లని నేను చూసుకుంటాను.

డాక్టరు: పండగ నాలుగు రోజులూ? ఇంటి నిండా జనంతో?

మాస్టారు: లేకపోతే జానీని పెరట్లో కట్టేస్తాను.

డాక్టరు: దాన్ని ఇన్నేళ్లలో ఎప్పుడైనా కట్టారా?

మాస్టారు: లేదు.

డాక్టరు: పాపకి ఏమని చెప్తారు, ఎందుకు కట్టారు తాతయ్యా అంటే?

మాస్టారు: అదే ఆలోచిస్తున్నాను. పిచ్చి అన్న మాట రాకుండా ఎలా చెప్పాలా అని.